కుంచం ఎవరి చేతిలో ఉంది? నెట్ పరీక్ష మార్పుల మీద ఒక చర్చ

మా ఊళ్లలో కామందుల ఇళ్లలో రెండు కుంచాలుండేవని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. పాలేరుకి జీతం గింజలు కొలిచేటప్పుడు ఒకటి, అప్పు గింజలు తిరిగి పుచ్చుకునేటప్పుడు ఇంకొకటి. రెంటినీ కుంచమనే అనేవాళ్లు. పైనుంచి చూస్తే తేడా కనపడదు, తేడా అడుగున ఉండేది. ఇందులో మోసముందని మన తాతలకి తెలియక కాదు. తెలిసినా, కల్లంలో నిలబడి ఆ మాట పైకి అనడానికి తరాలు పట్టింది.

మా ఇళ్లలో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లం మేము. మా కల్లం ఇప్పుడు పరీక్ష హాలు. ఇక్కడ కుంచం ఒక్కటే, అందరికీ అదే. కానీ అది ఎప్పుడు మారుతుందో, ఎందుకు మారుతుందో కొలిపించుకునేవాళ్లని ఎవరూ అడగరు. మారినప్పుడల్లా మాకు వచ్చే జవాబు ఒకటే: "మార్పు అందరికీ వర్తిస్తుంది కదా, మీకు మాత్రమే కష్టమేమిటి?" ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమే ఈ వ్యాసం పని. ఉదాహరణగా యూజీసీ నెట్ పరీక్షని తీసుకున్నాం. పరిశోధన విద్యార్థులుగా మేం రాసిన పరీక్ష అది, తప్పిన పరీక్ష అది, మాలో కొందరం గట్టెక్కిన పరీక్ష కూడా అదే.

మా వాదన ముందే చెప్తున్నాం. పరీక్ష రూపం మారడమే తప్పని మేం అనడంలేదు. పాత రూపం మన కోసం పుట్టిందీ కాదు. కానీ ఒక మార్పుని అందుకోవాలంటే సమయం కావాలి, డబ్బు కావాలి, భాష కావాలి, చెప్పేవాళ్లు కావాలి. ఈ దేశంలో ఇవన్నీ కులాన్ని బట్టే దొరుకుతాయి. అందుకని ప్రతి మార్పూ వెనక ఉన్నవాడి దగ్గరే ఎక్కువ వసూలు చేస్తుంది. పరీక్ష మీద పెట్టే బరువు పెరిగేకొద్దీ ఆ వసూలు కూడా పెరుగుతుంది. నెట్ విషయంలో ఈ రెండూ జరిగాయి. రూపం మారుతూ వచ్చింది, బరువు పెరుగుతూ వచ్చింది.

ఒక పరీక్ష, నాలుగు తాళాలు

ముందు బరువు సంగతి చూద్దాం. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ కోసం దేశం మొత్తానికి ఒక పరీక్ష పెట్టడం 1984లో మొదలైంది. లెక్చరర్ అర్హతని కూడా కలిపి మొదటి నెట్‌ని 1989 డిసెంబరులో జరిపారు. అంటే మొదట్లో ఈ పరీక్ష తీసే తాళాలు రెండే: ఫెలోషిప్, లెక్చరర్ అర్హత. పీహెచ్‌డీలో చేరడానికి ఏ యూనివర్సిటీ పరీక్ష ఆ యూనివర్సిటీ పెట్టుకునేది. ఒకచోట సీటు పోతే ఇంకోచోట దొరికే వీలుండేది.

2005-06లో ఎస్సీ, ఎస్టీ పరిశోధకుల కోసం రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్ వచ్చింది. దానికి నెట్ అక్కర్లేదు. ఎం.ఫిల్.లోనో పీహెచ్‌డీలోనో చేరి ఉంటే పీజీ మార్కులు చూసి ఇచ్చేవాళ్లు. మా సీనియర్లలో చాలామంది ఆ డబ్బుతోనే పుస్తకాలు కొన్నారు, ఇంటికి పంపారు, చెల్లెళ్ల చదువులు నిలబెట్టారు. 2018-19 నుంచి ఎస్సీ విద్యార్థుల ఫెలోషిప్ ఎంపికని కూడా నెట్‌కి కట్టేశారు. ఏడాదికి 2,000 మందికి ఇచ్చే ఫెలోషిప్ అది. నెట్ దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం తెరిచిన పక్కదారికి కూడా నెట్టే గేటయింది. మూడో తాళం అది.

2024 మార్చిలో నాలుగోది వచ్చింది. ఆ ఏడాది జూన్ నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకి కూడా నెట్ మార్కులు వాడుకోవచ్చని యూజీసీ ప్రకటించింది. అభ్యర్థుల్ని మూడు వర్గాలు చేసింది: జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చినవాళ్లు, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హులైనవాళ్లు. రెండు, మూడు వర్గాలవాళ్లకి నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం. ప్రవేశానికి ఆ మార్కులు ఒక్క ఏడాదే చెల్లుతాయి. పలుచోట్ల తిరిగి పలు పరీక్షలు రాసే భారం తగ్గుతుందని చెప్పారు. ఆ మాటలో కొంత నిజముంది. పది అప్లికేషన్ల ఫీజులు కట్టలేక రెండు మూడింటితో ఆగిపోయినవాళ్లం మేము. కానీ పది గుమ్మాల ముందు నిలబడే కష్టం తీర్చడానికి తొమ్మిది గుమ్మాలు మూసెయ్యడం ఒక్కటే మార్గమా?

దీని విలువ రూపాయల్లో చూడండి. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకి 37,000. 2015లో అది 25,000 ఉన్నప్పుడు, కేంద్ర యూనివర్సిటీల్లో నెట్ లేనివాళ్లకి పీహెచ్‌డీలో ఇచ్చింది 8,000. ఆ 8,000 కూడా ఎత్తేస్తామంటేనే 2015 అక్టోబరులో విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించారు. రాష్ట్ర యూనివర్సిటీలవాళ్లకి ఆ నాన్-నెట్ ఫెలోషిప్ కూడా లేదు. కొందరికి ఫెలోషిప్ చదువుకి తోడు. మనకి అదే చదువు. 2016 జనవరిలో రోహిత్ వేముల వదిలి వెళ్లిన ఉత్తరంలో తనకి రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ ప్రస్తావన ఉందన్న సంగతి మనం మర్చిపోకూడదు.

రేకుపెట్టెలో నోట్సు

ఇక రూపం. 2012 జూన్‌కి ముందు నెట్‌లో మూడో పేపరు రాతపరీక్ష. మొదటి రెండూ ఆబ్జెక్టివ్. 2012 జూన్ నుంచి మూడోదీ ఆబ్జెక్టివ్ అయింది. 2018 జూలైలో మూడు పేపర్లు రెండయ్యాయి. మొదటిది 50 ప్రశ్నలు, రెండోది 100 ప్రశ్నలు, కలిపి 300 మార్కులు. జేఆర్‌ఎఫ్ వయసు 28 నుంచి 30కి పెంచింది కూడా అప్పుడే. చదువు మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టిన మాలాంటివాళ్లకి అది మేలు చేసింది, కాదనం. అదే ఏడాది డిసెంబరులో పరీక్ష సీబీఎస్‌ఈ నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ చేతికి పోయింది, కాయితం నుంచి కంప్యూటర్‌కి మారింది. 2019లో సిలబస్ మారింది. ఆ జూన్ నుంచి రెండు పేపర్లూ ఒకే విడతలో, విరామం లేకుండా మూడు గంటలు. ఏడాది తిరక్కుండానే ఇన్ని మార్పులు.

ఇవి మా హాస్టల్లో ఎలా దిగాయో చెప్తాం. మా హాస్టల్ గదిలో ఒక రేకుపెట్టె ఉండేది. దాని అసలు సొంతదారు ఎవరో మాకెవరికీ తెలియదు. ఒక సీనియర్ వెళ్తూ ఇంకొకరికి అప్పజెప్పేవాడు. అందులో నెట్ నోట్సు, పాత ప్రశ్నాపత్రాల జిరాక్సులు, ఎవరో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టిన జవాబులు. కోచింగ్‌కి పోలేని మాకు ఆ పెట్టే కోచింగ్ సెంటర్. ఇంట్లో చదువుకున్నవాళ్లున్న పిల్లలకి నాన్నో, బాబాయో, పక్కింటి ప్రొఫెసరో చెప్పే సంగతులు మాకు ఆ పెట్టె చెప్పేది. మాకు వారసత్వంగా వచ్చిన ఆస్తి ఏదన్నా ఉందంటే అదే.

పరీక్ష రూపం మారిన రోజు ఆ ఆస్తిలో సగం చిత్తుకాయితమైంది. మూడో పేపరు కోసం తయారైన నోట్సు పట్టుకుని ఒక జూనియర్ వచ్చి, "అన్నా, ఇది ఇంక పనికిరాదా?" అనడిగాడు. ఏం చెప్పాలో మాకు తోచలేదు. చదువు ఎప్పటికైనా పనికొస్తుందని చెప్పొచ్చు. వాడడిగింది చదువు గురించి కాదు, వచ్చే పరీక్ష గురించి. బజార్లో కొత్త పద్ధతి పుస్తకాలు త్వరగానే వచ్చాయి. కోచింగ్ సెంటర్లు కొత్త బ్యాచ్ బోర్డులు పెట్టాయి. డబ్బున్నవాడు కొత్త పుస్తకం కొనుక్కుంటాడు. మా పెట్టె మళ్లీ నిండాలంటే, కొత్త పద్ధతిలో ఒకళ్లు రాయాలి, తప్పాలి, మళ్లీ రాయాలి, నెగ్గాలి, ఆ అనుభవం రాసిపెట్టి వెళ్లాలి. దానికి ఎంత లేదన్నా రెండు మూడేళ్లు. ఆలోగా రూపం మళ్లీ మారుతుంది.

"అందరికీ ఒకటే మార్పు" అన్న మాటకి మా మొదటి జవాబు ఇది. మార్పు ఒకటే, దాన్ని అందుకునే వేగాలు వేరు. ఆ వేగం తెలివి వల్ల వచ్చేది కాదు, డబ్బు వల్లా పరిచయాల వల్లా వచ్చేది.

పరీక్ష అయిపోయాక కూడా కొలత మారిన సందర్భం ఒకటుంది. 2012 జూన్ పరీక్షకి నోటిఫికేషన్‌లో పేపరు వారీగా కనీస మార్కులు చెప్పారు. ఫలితాలప్పుడు వాటికి తోడు మొత్తం మీద జనరల్‌కి 65, ఓబీసీకి 60, ఎస్సీ, ఎస్టీలకి 55 శాతం ఉండాలన్నారు. కేరళ హైకోర్టు అది చెల్లదంది. 2013లో సుప్రీంకోర్టు యూజీసీకి ఆ అధికారం ఉందని తీర్పు చెప్పింది. అధికారం ఉందా లేదా అన్నది కోర్టు తేల్చింది, కాదనం. కానీ కనీస మార్కులు దాటామని ఇంటికి ఉత్తరం రాసుకున్నవాళ్లు అప్పుడు మా సీనియర్లలో ఉన్నారు. గింజలు కొలిచాక కుంచం మారిస్తే ఆ లెక్క కోర్టులో నిలవొచ్చు, కల్లంలో మాత్రం నిలవదు.

ఆబ్జెక్టివ్ మంచిదా, రాతపరీక్ష మంచిదా?

ఈ చోట మనలో మనం కూడా కొంచెం కటువుగా మాట్లాడుకోవాలి. 2012లో మూడో పేపరు ఆబ్జెక్టివ్ అయినప్పుడు మాలాంటివాళ్లలో చాలామందికి హాయిగా అనిపించింది. కారణం ఉంది. రాతపరీక్షలో జవాబుతో పాటు మన ఇంగ్లీషు కూడా దిద్దేవాడి ముందుకి పోతుంది. ఎవడు కాన్వెంటు నుంచి వచ్చాడో, ఎవడు సాంఘిక సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చాడో రెండు వాక్యాల్లో తెలిసిపోతుంది. ఓఎమ్మార్ షీటులో నల్లగా దిద్దిన గుండ్రానికి యాస లేదు, ఇంటిపేరు లేదు. మనిషి కన్నా మిషన్ నయం అనుకున్నాం. మనుషుల దగ్గర అంతగా దెబ్బతిన్నవాళ్లకి అలా అనిపించడం సహజం.

కానీ మేం ఒక సంగతి ఆలస్యంగా గ్రహించాం. మిషన్ దిద్దడంలో వివక్ష చూపించదు, నిజమే. ప్రశ్న తయారుచేసేది మాత్రం మిషన్ కాదు. వాక్యాలు రెండిచ్చి ఒకటి వాదన, ఒకటి కారణం అని జతకూర్చమనే ప్రశ్నలు, పుస్తకాల పేర్లు వచ్చిన ఏళ్ల క్రమంలో పెట్టమనే ప్రశ్నలు, రెండు జాబితాలు కలపమనే ప్రశ్నలు చూడండి. కారంచేడు ఎందుకు జరిగిందో, చుండూరు తర్వాత మనుషుల ఆలోచనలో ఏం మారిందో తెలిసినవాడికి ఆ తెలివితో ఇక్కడ పనిలేదు. 1985, 1991 అని ఏళ్లు గుర్తుంటే చాలు. మన విద్యార్థి బలం ఎక్కడుంది? తను చూసినదాన్ని తన మాటల్లో విడమర్చి చెప్పడంలో ఉంది. రాతపరీక్ష ఆ బలానికి చోటిచ్చి, భాష పేరుతో దెబ్బకొట్టింది. ఆబ్జెక్టివ్ పరీక్ష భాష దెబ్బ కొంత తగ్గించి, ఆ చోటే తీసేసింది. అంటే రెండు రూపాల్లోనూ మనకి సగమే దక్కింది. ఏది మంచిదని మనలో మనం తగాదా పడేకంటే, ఆ రెండో సగం ఎందుకు దక్కలేదని అడగాలి.

మనుషుల దగ్గర దెబ్బతిన్నామన్నది ఊరికే అన్నమాట కాదు. 2016లో యూజీసీ ఎం.ఫిల్., పీహెచ్‌డీ నిబంధనలు మార్చి, ప్రవేశపరీక్షలో 50 శాతం రావడం అర్హతకే అంది. అసలు ఎంపిక ఇంటర్వ్యూ మీద. జేఎన్‌యూ 2017లో దాన్ని అమలుచేసి వైవాకే నూటికి నూరు బరువిచ్చింది. అంతకుముందే అదే జేఎన్‌యూలో అబ్దుల్ నఫే కమిటీ, రాతపరీక్ష మార్కులకీ వైవా మార్కులకీ మధ్య సామాజిక వర్గాలవారీగా కనిపిస్తున్న తేడాలు చూసి, వైవా మార్కులు 30 నుంచి 15కి తగ్గించమని 2016లో సిఫార్సు చేసింది. 15కి తగ్గించమంటే 100 చేశారు! వెనకబడిన జిల్లాల నుంచి వచ్చేవాళ్లకి కలిపే డిప్రివేషన్ పాయింట్లు, విద్యార్థులు పోరాడి 1990లలో తిరిగి తెచ్చుకున్నవి, పరిశోధన కోర్సుల్లో ఆ 2017లోనే పోయాయి. 2018లో నిబంధనలు సవరించి రాతపరీక్షకి 70, వైవాకి 30 చేశారు. రిజర్వుడు వర్గాలకి అర్హత మార్కుల్లో 5 శాతం సడలింపు ఇచ్చారు. మధ్యలో పోయిన ఏడాది ఎవరి ఖాతాలో రాయాలి? ఆ ఏడాది ఎం.ఏ. పూర్తిచేసి, సీటు రాక ఊరికెళ్లి, అక్కడే ఉండిపోయినవాళ్లు మాకు తెలుసు. వాళ్లు మళ్లీ రాలేదు. సవరణ వచ్చిన సంగతి కూడా వాళ్లకి తెలిసి ఉండదు.

సిలబస్‌లో శబ్ద ప్రమాణం

రూపం మారినప్పుడు సరుకు కూడా మారుతుంది. 2019లో మార్చిన మొదటి పేపరు సిలబస్‌లో, తార్కిక ఆలోచన అన్న భాగంలో, భారతీయ తర్కం కొత్తగా వచ్చింది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, అర్థాపత్తి, అనుపలబ్ధి అని ఆరు ప్రమాణాలు. వ్యాప్తి, హేత్వాభాసలు. సబ్జెక్టు ఏదైనా, సోషియాలజీ అయినా కామర్స్ అయినా, అందరూ రాయాల్సిన పేపరు ఇది.

ఈ దేశపు తర్కం చదవడానికి మాకు అభ్యంతరం లేదు. కానీ ఈ దేశంలో తర్కం మీద పెద్ద తగాదా నడిచింది. దిఙ్నాగుడు, ధర్మకీర్తి లాంటి బౌద్ధ తార్కికులు ఒప్పుకున్నవి రెండే: ప్రత్యక్షం, అనుమానం. శబ్దాన్ని, అంటే ఆప్తవాక్యాన్ని, వేరే ప్రమాణంగా వాళ్లు ఒప్పుకోలేదు. వేదం చెప్పింది కాబట్టి నిజం అనడానికి వాళ్లు చోటివ్వలేదు. మన వైపు నుంచి చూస్తే ఇది చిన్న తేడా కాదు. అంబేడ్కర్ జీవితమంతా అడిగిన ప్రశ్న ఇదే: గ్రంథం చెప్పిందని మనిషిని తక్కువ చెయ్యొచ్చా? సిలబస్ ఆరింటినీ వరసగా పెట్టింది, ఆ తగాదాని మాత్రం పెట్టలేదు. ఆబ్జెక్టివ్ ప్రశ్నలో తగాదాకి ఎలాగూ చోటుండదు. నాలుగు జవాబుల్లో ఒకటి దిద్దాలి. శబ్దం ప్రమాణమా కాదా అని వాదించే హక్కు లేకుండా, అదెన్నో ప్రమాణమో చెప్తేనే మార్కు. నాగార్జునకొండ ఉన్న నేల మీద పుట్టి, బౌద్ధం గురించి ఇంట్లో ఒక్క మాట కూడా వినకుండా పెరిగిన మాకు, ఈ ఆరు మాటలు చిన్నప్పటినుంచీ చెవిన పడే ఇళ్లున్నాయన్న సంగతి మార్కుల జాబితా చూశాక తెలిసింది.

రెండు భాషల పరీక్ష

ఇన్నిసార్లు రూపం మార్చినవాళ్లు ఒకటి మాత్రం కదపలేదు. భాష. భాషా సబ్జెక్టులు తప్ప నెట్ ప్రశ్నాపత్రం ఇంగ్లీషు, హిందీ రెంటిలోనే ఉంటుంది. తెలుగు ఎం.ఏ. చేసినవాడు రెండో పేపరు తెలుగులో రాసినా, మొదటి పేపరు ఇంగ్లీషులోనో హిందీలోనో చదువుకోవాలి. తెలుగు మీడియంలో డిగ్రీ చేసి, హిస్టరీయో పొలిటికల్ సైన్సో పీజీ చేసినవాడికి రెండు పేపర్లూ అంతే. హిందీ రాష్ట్రాల్లోని మన దళిత మిత్రులకి కనీసం తమకి దగ్గరైన భాష ఒకటుంది. తమిళుడికి, తెలుగువాడికి, ఒడియావాడికి అదీ లేదు. వాదన-కారణం ప్రశ్నల్లో ఒక్క "కాదు", ఒక్క "మాత్రమే" పట్టుకోలేకపోతే తెలిసిన విషయానికే మార్కు పోతుంది.

చెయ్యడం కుదరదనే సాకు ఇప్పుడు లేదు. నెట్ జరిపే అదే ఏజెన్సీ డాక్టరు చదువుల నీట్‌ని, డిగ్రీ ప్రవేశాల సీయూఈటీని తెలుగుతో సహా 13 భాషల్లో పెడుతోంది. మన రాష్ట్రాల్లో సెట్ పరీక్షలో మొదటి పేపరు, కొన్ని సాంఘిక శాస్త్రాల పేపర్లు తెలుగులో కూడా ఇస్తున్నారు. అయితే సెట్ నెగ్గితే ఆ రాష్ట్రంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి అర్హత వస్తుంది, ఫెలోషిప్ రాదు. అంటే తెలుగులో రాస్తే అర్హత కాయితం, ఇంగ్లీషులో రాస్తే నెల నెలా డబ్బు. తెలుగు మీడియం చదువుకి ఈ దేశం కట్టిన ధర ఇది.

రెండు రోజుల్లో రెండు కబుర్లు

చివరి దెబ్బ 2024 జూన్‌లో తగిలింది. ఐదారేళ్లుగా కంప్యూటర్ మీద నడిచిన పరీక్షని మళ్లీ పెన్నూ కాయితానికి తెచ్చి, 18వ తేదీన ఒక్కరోజులో దేశమంతా జరిపారు. తొమ్మిది లక్షల మందికి పైగా రాశారు. మర్నాడు రద్దు చేశారు. ప్రశ్నాపత్రం బయటికొచ్చిందన్న అనుమానం మీద సీబీఐకి అప్పజెప్పారు. తిరిగిన ఫొటో పరీక్షకి ముందుదిగా కనపడేలా మార్చి చేసిందని దర్యాప్తులో తర్వాత తేలింది. ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 4 దాకా మళ్లీ పరీక్ష, ఈసారి మళ్లీ కంప్యూటర్ మీద. పీహెచ్‌డీ ప్రవేశాలు నెట్‌కి కట్టిన మొదటిసారే ఇలా జరిగింది.

ఆ జూన్‌లో మా మిత్రుడొకడు ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠం చెప్తున్నాడు. వెళ్లిన గంటలకే జీతం. 18న సెంటరున్న ఊరికి ముందురోజే వెళ్లి బస్టాండులో పడుకున్నాడు. పరీక్ష బాగా రాశానని మాకు ఫోన్ చేశాడు. మర్నాడు పాఠం చెప్తుండగా రద్దు కబురు తెలిసింది. మళ్లీ పరీక్షకి కొత్తగా ఫీజు కట్టక్కర్లేదన్నారు. నిజమే, ఎస్సీ, ఎస్టీలకి అసలు ఫీజు 325 రూపాయలే. కానీ బస్సు ఛార్జీలెవరిస్తారు? పోయిన గంటల జీతమెవరిస్తారు? రెండు నెలలు మళ్లీ అదే చదువు చదవడానికి రాత్రి పూట మిగిలే ఓపిక ఎవరిస్తారు? రెండోసారి అతను వెళ్లలేదు. రికార్డుల్లో అతను గైర్హాజరు, అంతే. పరీక్ష రూపం మోసిన భారం ఏ లెక్కలోనూ కనపడదు. ఎందుకంటే అలా జారిపోయినవాళ్లు ఫెయిలైన జాబితాలో కూడా ఉండరు.

మనం అడగాల్సింది, మనం చెయ్యాల్సింది

1927లో బొంబాయి శాసనమండలిలో యూనివర్సిటీ బిల్లు మీద మాట్లాడుతూ అంబేడ్కర్ పరీక్ష వేరు, చదువు వేరు అని గుర్తుచేశారు. చదువు ప్రమాణాలు పెంచుతామన్న పేరుతో పరీక్షల్ని కఠినం చేసి, అప్పుడప్పుడే గడప దగ్గరికొస్తున్న వెనకబడిన కులాలవాళ్లని బయటే ఉంచుతున్నారన్నది ఆయన ఆరోపణ. దాదాపు వందేళ్లయింది. గడప దగ్గరికి మనం చాలామందిమి వచ్చాం. గడపే జరుగుతోంది.

మన ఉద్యమాల మీద కూడా మాకు ఫిర్యాదుంది. 2018లో డిపార్టుమెంటు వారీ 13 పాయింట్ల రోస్టరు వచ్చినప్పుడు వీధిలోకొచ్చాం. 2019లో పార్లమెంటు చట్టం చేసేదాకా వదల్లేదు. అది గొప్ప విజయం. ఆ కాలంలోనే నెట్ రూపం మారింది, ఎస్సీ ఫెలోషిప్ నెట్‌కి ముడిపడింది. దాని మీద అంతటి కదలిక మేం చూడలేదు. పోస్టు పోతే కనపడుతుంది కాబట్టి పోట్లాడాం. ఆ పోస్టుకి దరఖాస్తు పెట్టేవాడు తయారుకాకుండానే ఆగిపోతే కనపడదు కాబట్టి ఊరుకున్నాం. రోస్టరు మీద పోరాటానికీ పరీక్ష రూపం మీద పోరాటానికీ తేడా లేదని సంఘాలు గుర్తించాలి.

మేం అడగమంటున్నవి ఇవి. రూపంలోగానీ సిలబస్‌లోగానీ మార్పు చేస్తే కనీసం ఒక పూర్తి ఏడాది ముందు చెప్పాలి, పరీక్ష అయ్యాక కొలత మార్చకూడదు. మొదటి పేపరు, సాంఘిక శాస్త్రాల పేపర్లు తెలుగుతో సహా నీట్ పెట్టే అన్ని భాషల్లో పెట్టాలి. ఎస్సీ ఫెలోషిప్‌ని నెట్ నుంచి విడదీసి, 2018కి ముందులా ప్రవేశమూ పీజీ మార్కులూ చూసి ఇవ్వాలి. పీహెచ్‌డీ ప్రవేశానికి నెట్ ఒక దారిగా ఉండాలి, ఒకే దారి కాకూడదు. వైవా బరువు నఫే కమిటీ చెప్పినట్టు 15కి దించాలి. ప్రతి మార్పు తర్వాత ఏ కులాలవాళ్లు, ఏ మీడియం వాళ్లు, తల్లిదండ్రులు చదువుకోని వాళ్లు ఎంతమంది రాశారో, ఎంతమంది నెగ్గారో, ఎంతమంది హాల్ టికెట్ తీసుకుని రాలేదో లెక్క బయటపెట్టాలి. ఆ లెక్కలుంటే "అందరికీ ఒకటే" అన్నమాట నిజమో కాదో వాదించాల్సిన పనే ఉండదు.

మనం చేసుకోవాల్సిన పని కూడా ఒకటుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రతి యూనివర్సిటీ హాస్టల్లో నెట్ రాసినవాళ్లు, నెగ్గినా తప్పినా, పరీక్ష రాసిన వారంలోపే గుర్తున్న ప్రశ్నలు, పొరపాట్లు తెలుగులో రాసి పెట్టాలి. ఉద్యోగాల్లో కుదురుకున్న మన టీచర్లు సెలవుల్లో వారం రోజులు వచ్చి కూర్చోవాలి. కొందరు చేస్తున్నారు కూడా. జిల్లా కేంద్రాల్లో ఉన్న అంబేడ్కర్ సంఘాల గదులు పరీక్ష ముందు రాత్రి విద్యార్థులకి తెరిచిపెడితే బస్టాండులో పడుకునే అవస్థ తప్పుతుంది. ఇవి చిన్న పనులే. కానీ కొత్త పద్ధతి బజారుకి చేరిన నెలలోనే మన రేకుపెట్టెలోకీ చేరాలంటే ఇవే దారి.

"ఇది ఇంక పనికిరాదా?" అనడిగిన ఆ జూనియర్ రెండుసార్లు తప్పి, మూడోసారి నెగ్గాడు. ఫెలోషిప్ కాదు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత. వాడు నెగ్గాడు కదా, పరీక్ష బాగానే ఉందని ఎవరైనా అనొచ్చు. వాడి బ్యాచ్‌లో వాడితో పాటు చదివిన మిగతావాళ్లు ఇప్పుడెక్కడున్నారో అడిగాకే ఆ మాట అనాలి.